నోరు విప్పాల్సిన చోట్లు

బిడ్డా,

హాస్టల్ గదిలో నలుగురున్నా ఎవరితోనూ కలవలేకపోతున్నానని, క్లాసులో హాజరు పిలిచినప్పుడు పలకడానికి కూడా గొంతు పెగలడం లేదని మీ అమ్మతో చెప్పావట. "అందరితో కలిసిపొమ్మని నువ్వైనా చెప్పక్కా" అని మీ అమ్మ నా మీద పెట్టింది. ఆ సలహా మాత్రం నేను ఇవ్వను. కలిసిపొమ్మంటే కలిసిపోయే పిల్లవైతే ఈ ఉత్తరమే అక్కర్లేదు. డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ నీలాంటి పిల్లలనే ఎక్కువగా చూశాను. వాళ్లలో బిడియం పోగొట్టుకున్నవాళ్లు తక్కువ. బిడియంతోనే చదువు ముగించి, ఒకరిద్దరు మంచి స్నేహితులను సంపాదించుకున్నవాళ్లు చాలామంది.

కాబట్టి నీ మౌనం జోలికి రాను. క్యాంటీన్‌లో అందరూ మాట్లాడుతుంటే నువ్వు టీ తాగుతూ వింటే ఎవరికి నష్టం? కానీ నోరు విప్పకపోతే నువ్వే నష్టపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. నీ ధైర్యమంతా అక్కడికి దాచుకో.

అన్నిటికన్నా ముందు స్కాలర్‌షిప్ సంగతి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు పెట్టగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత కాగితాలు కాలేజీలో ఇవ్వాలి, వాళ్లు సరిచూసి పైకి పంపాలి. మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రంలో ఒక పేరు, మెమోలో మరో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఆగిందని ఎవరూ వెతుక్కుంటూ వచ్చి చెప్పరు. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర గుంపు చూసి వెనక్కి వచ్చేస్తావని నాకు తెలుసు. అడగాల్సింది ముందే ఒక కాగితం మీద రాసుకో: పేరు, దరఖాస్తు నంబరు, ఏం తెలియాలి. మాట రాకపోతే ఆ కాగితమే చేతికివ్వు. హాజరు కూడా అంతే. 75 శాతం కన్నా తగ్గితే స్కాలర్‌షిప్‌కూ పరీక్షలకూ ఇబ్బంది. పలికినా వినిపించలేదనిపిస్తే చేయి ఎత్తు, క్లాసు అయిన వెంటనే మేడం దగ్గరికి వెళ్లి చెప్పు. వారం తర్వాత చెబితే ఎవరు నమ్ముతారు?

సీనియర్లు పేరు, ఊరు అడగడం పలకరింపే. అంతకు మించి పాడమనో, ఆడమనో, రాత్రిపూట గదికి రమ్మనో బలవంతం చేస్తే అది ర్యాగింగ్. 1997 నుంచి మన దగ్గర దానికి ప్రత్యేక చట్టమే ఉంది. వార్డెన్‌కు చెప్పు, లేదా యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522కు ఫోన్ చెయ్యి. ఇక్కడ మొహమాటం వద్దే వద్దు.

ఇక స్నేహాల మాట. మాటలతో స్నేహం మొదలుపెట్టడం నీకు కష్టం, పనితో అయితే తేలిక. నువ్వు చేరింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, అది నీ అదృష్టం. ల్యాబ్‌లో ఒకరు బ్యూరెట్ చూసి రీడింగ్ చెబితే ఇంకొకరు రాసుకోవాలి. అక్కడ ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కర్లేదు, పనే మాటలు అందిస్తుంది. ఎన్ఎస్ఎస్‌లో చేరే వీలుంటే చేరు. మొక్కకు పాదు తీస్తూ పక్కనున్న పిల్లను పార అడగడానికి ఎవరికైనా బిడియం ఉంటుందా? దసరా సెలవులకు ముందు క్యాంపస్‌లో బతుకమ్మ ఆడతారు. నువ్వు పాట ఎత్తుకోనక్కర్లేదు, తంగేడు, గునుగు కోసుకొచ్చే గుంపులో ఉంటే చాలు. మీ క్యాంపస్ దగ్గరున్న అన్నెపర్తి ఊరు దాటితే చుట్టూ చేలే కదా.

"మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న మన దగ్గర ఎప్పుడూ పనికొస్తుంది. హాలియా అంటే ఒక కథ, మునుగోడు అంటే ఇంకో కథ వస్తాయి. కాకపోతే కొందరు ఆ ప్రశ్న నుంచి ఇంటిపేరుకు, అక్కడి నుంచి కులానికి దిగుతారు. అలాంటివాళ్ల దగ్గర నీ మౌనమే నీకు మంచి జవాబు.

లైబ్రరీ గురించి నేను చెప్పేది విని నవ్వుకుంటావేమో. రోజంతా అక్కడే కూర్చోకు. భోజనం వేళ కూడా పుస్తకం పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చునే పిల్లలను చూస్తే నాకు సంతోషం కలిగేది కాదు. వాళ్లు చదువుకోవడానికి కాదు, మెస్సులో ఒక్కరే కూర్చోవాల్సి వస్తుందని వచ్చేవాళ్లు. మెస్సులో ఒంటరిగా తిన్నా తప్పులేదు, వెళ్లి తిను.

మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబర్ 9 నుంచి, మీ ఆడపిల్లలకు బస్సు ఛార్జీ బాధ తప్పింది. మంచిదే. కానీ టికెట్ డబ్బులు అడ్డు లేవు కాబట్టి ప్రతి శనివారం దేవరకొండ బస్సు ఎక్కేయాలనిపిస్తుంది. మొదటి రెండు నెలలు ఎక్కకు. హాస్టల్లో మనుషులు దగ్గరయ్యేది ఆదివారాలే: బట్టలు ఉతుక్కుంటూ, తలలు ఆరబెట్టుకుంటూ, ఇంటి నుంచి వచ్చిన సకినాలు పంచుకుంటూ. నువ్వు ప్రతి ఆదివారం ఊళ్లో ఉంటే, సోమవారం మళ్లీ కొత్తదానివే అవుతావు. మీ అమ్మకు కోపం వస్తే నా పేరు చెప్పు.

సెమినార్ అంటే ఇప్పటి నుంచే నిద్రపట్టడం లేదట. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో నిలబడి మాట్లాడాలంటే ఎవరికైనా భయమే. మీ క్లాసులో సగం మంది పరిస్థితి అదే, పైకి కనబడనివ్వరంతే. మొదటి అయిదు వాక్యాలు కంఠతా పట్టు. తర్వాత బోర్డు వైపు తిరిగి రసాయన చర్య రాయడం మొదలుపెట్టు. చేతికి పని దొరికితే గొంతు వణుకు తగ్గుతుంది, పైగా అందరి చూపూ బోర్డు మీదికి పోతుంది. ముందు రోజు గదిలోని ఒక్క అమ్మాయి ముందు చెప్పి చూసుకో. అద్దం ముందు చెప్పుకోవడం మీద నాకు నమ్మకం లేదు, అద్దం ప్రశ్నలు అడగదు.

బిడియం వేరు, దిగులు వేరు. తిండి సహించక, నిద్ర పట్టక, ఏ పనీ చేయాలనిపించని రోజులు వరుసగా వస్తే దాన్ని బిడియం ఖాతాలో వేయకు. 14416కు ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

సెమినార్ అంశం ఇవ్వగానే నాకు పంపు. ఫోన్‌లో మాట్లాడాలనిపించకపోతే మెసేజ్ పెట్టు, కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటాను. ఈపాస్ కాగితాల జిరాక్సు ఒక సెట్టు మీ నాన్న దగ్గర కూడా ఉంచు.

నీ పెద్దమ్మ