కమ్యూనిటీ కాలేజీ నుంచి బిజినెస్ డిగ్రీకి మారాలంటే మొదటి ఏడాదే కీలకం

మీ అబ్బాయికి కోరుకున్న యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) బిజినెస్ సీటు రాలేదని, ఫ్రీమాంట్ నుంచి డి ఆంజా కమ్యూనిటీ కాలేజీకి పంపిస్తే రెండేళ్ల తర్వాత యూసీ బర్క్‌లీలోని హాస్ బిజినెస్ స్కూల్‌కి గానీ సాన్‌హోజే స్టేట్ యూనివర్సిటీకి గానీ మారగలడా అని అడిగారు. వాళ్ల నాన్నగారు "అంత చదివి కమ్యూనిటీ కాలేజీనా?" అని బాధపడుతున్నారని కూడా రాశారు.

మారగలడండి. నేను వచ్చింది ఆ దారిలోనే. విజయవాడ నుంచి హైస్కూల్ వయసులో ఇక్కడికి వచ్చి, డి ఆంజాలో చదివి, సాన్‌హోజే స్టేట్‌లోని లూకస్ బిజినెస్ కాలేజీలో అకౌంటింగ్ చేశాను. ఇప్పుడు ఆడిట్‌లో ఉన్నాను. ఈ దారి మంచిదని మనస్ఫూర్తిగా చెప్తాను. కాకపోతే ఇంట్లో అందరూ ముందు ఒక లెక్క చూసుకోవాలి.

"రెండేళ్లు చదివి మారిపోవడమే కదా" అంటారు అందరూ. అడ్మిషన్‌ని తేల్చేది చాలావరకు మొదటి ఏడాదే. వచ్చే ఏడాది ఫాల్‌లో (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే టర్మ్) చేరాలంటే యూసీ అప్లికేషన్ ఈ ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వేయాలి. సీఎస్‌యూ (సాన్‌హోజే స్టేట్ ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ) కూడా దాదాపు అంతే. డి ఆంజాది క్వార్టర్ పద్ధతి (ఏడాదికి ఫాల్, వింటర్, స్ప్రింగ్ అని మూడు టర్ములు), ఫాల్ మొదలయ్యేదే సెప్టెంబర్ చివర్లో. అంటే 2026లో చేరిన పిల్లాడు 2028 ఫాల్‌కి మారాలంటే 2027 నవంబర్ కల్లా అప్లై చేసేయాలి. అప్పటికి వాడి చేతిలో ఉండేవి మూడు క్వార్టర్ల గ్రేడ్లు, సమ్మర్‌లో ఏమైనా చదివితే అవీ. ఆ ఫాల్ గ్రేడ్లను జనవరిలో యూసీకి అప్‌డేట్ చేస్తారు. మిగతా రెండు క్వార్టర్లు మంచి గ్రేడ్లతో పూర్తిచేస్తానని మాట ఇవ్వడమే. అందుకని "మొదటి ఏడాది తేలిక క్లాసులు తీసుకుని జీపీఏ పెంచుకుందాం, అకౌంటింగ్, క్యాలిక్యులస్ రెండో ఏడాది చూద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. బిజినెస్‌కి అప్లై చేసే పిల్లాడి ట్రాన్‌స్క్రిప్ట్‌లో అకౌంటింగ్, ఎకనామిక్స్, మ్యాథ్స్ గ్రేడ్లు కనిపించాలి.

మొదట తెరవాల్సింది అసిస్ట్ డాట్ ఆర్గ్. కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీల్లో ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అధికారికంగా చూపించే సైటు అది. డి ఆంజాని, వెళ్లాలనుకున్న యూనివర్సిటీని, మేజర్‌ని (ప్రధాన సబ్జెక్టుని) ఎంచుకుంటే ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు డి ఆంజాలో దానికి సరిపోయే కోర్సు వస్తాయి. కొన్నిచోట్ల సమానమైన కోర్సు లేదనీ రాసి ఉంటుంది. ఆ వరుసలు ముఖ్యం, వాటిని వదిలేయకండి. రెండు మూడు యూనివర్సిటీల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకుని, అన్నింట్లోనూ ఉన్న కోర్సులకు గుర్తు పెట్టండి. మొదటి ఏడాది టైమ్‌టేబుల్‌కి అవే పునాది.

అలా గుర్తు పెడితే అకౌంటింగ్ దాదాపు ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. సెమిస్టర్ కాలేజీల్లో అది ఫైనాన్షియల్, మేనేజీరియల్ అని రెండు కోర్సులు. డి ఆంజాలో 1ఏ, 1బి, 1సి అని మూడు క్వార్టర్లు నడుస్తుంది. వరుసగా తీసుకోవాల్సినవి కాబట్టి ఫాల్‌లో 1ఏ మొదలుపెడితే స్ప్రింగ్‌కి మూడూ అయిపోతాయి. మధ్యలో ఒక క్వార్టర్ తప్పితే వరుసంతా వెనక్కి జరుగుతుంది. మూడూ ఒకే కాలేజీలో పూర్తిచేయడం మంచిది. సగం ఇక్కడ, సగం ఇంకో కాలేజీలో చదివితే సమానత్వం చూపించడం తలనొప్పి.

నేను అకౌంటింగ్‌ని సాయంత్రం సెక్షన్లలో తీసుకున్నాను, ఆఫీసులు వదిలాక వచ్చేవాళ్ల మధ్య. నా పక్కన కూర్చునే ఆవిడ పగలంతా ఒక డెంటల్ క్లినిక్‌లో బుక్ కీపింగ్ చేసేది. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ దగ్గర నాకేమీ ఎక్కట్లేదు. లాభంలో తీసేసిన డిప్రిసియేషన్‌ని (ఆస్తుల అరుగుదల ఖర్చుని) మళ్లీ ఎందుకు కలుపుతారో అర్థమయ్యేది కాదు. ఆవిడ ఒక్కో వరుస మీద వేలు పెట్టి "ఈ డబ్బు బ్యాంకులోంచి కదిలిందా?" అని అడిగింది. డిప్రిసియేషన్ దగ్గర కదల్లేదు, అందుకే కలపాలి. అమ్ముడుపోని సరుకు పెరిగిన చోట కదిలింది, కాబట్టి తీసేయాలి. ఇవాళ్టికీ ఆడిట్‌లో క్యాష్ ఫ్లో చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న అదే. నలభై మంది ఉన్న క్లాసులో, నిజంగా లెక్కలు రాసి బతికే మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవడం పద్దెనిమిదేళ్ల పిల్లలకి చాలా మేలు చేస్తుంది. వాళ్ల నాన్నగారికి ఈ సంగతి కూడా చెప్పండి.

క్యాలిక్యులస్ విషయంలో కాస్త ఆలోచించాలి. సాన్‌హోజే స్టేట్ బిజినెస్‌కి బిజినెస్ క్యాలిక్యులస్ సరిపోతుంది. యూసీఎల్‌ఏ లాంటి చోట్ల ఇంజినీరింగ్ పిల్లలు చదివే క్యాలిక్యులస్ అడుగుతారు. మీ అబ్బాయికి లెక్కలంటే భయం లేకపోతే రెండోదే తీసుకోమనండి, ఎక్కువ దారులు తెరిచి ఉంటాయి. స్టాటిస్టిక్స్, మైక్రో ఎకనామిక్స్, మాక్రో ఎకనామిక్స్ ఎలాగూ ఉంటాయి.

ఇంకోటి, యూసీల్లో బిజినెస్ అన్నిచోట్లా ఒకే పేరుతో ఉండదు. యూసీఎల్‌ఏలో బిజినెస్ ఎకనామిక్స్, శాంటా బార్బరాలో ఎకనామిక్స్ అండ్ అకౌంటింగ్, శాంటా క్రూజ్‌లో బిజినెస్ మేనేజ్‌మెంట్ ఎకనామిక్స్. "బిజినెస్" అని వెతికి దొరకలేదని వదిలేస్తే మంచి మేజర్లు చేజారతాయి. టాగ్ అనే, షరతులు తీరిస్తే సీటు ఖాయం చేసే హామీ పద్ధతి యూసీల్లో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకు మాత్రమే ఉంది. అది సెప్టెంబర్‌లోనే వేయాలి. కొన్ని క్యాంపస్‌లు కొన్ని మేజర్లకు టాగ్ ఇవ్వవు, కాబట్టి ఆ ఏడాది జాబితాలో మేజర్ ఉందో లేదో చూసుకోండి. బర్క్‌లీకి టాగ్ లేదు. హాస్ ట్రాన్స్‌ఫర్ సీట్లు చాలా తక్కువ, పోటీ చాలా ఎక్కువ. అప్లై చేయనివ్వండి, తప్పకుండా చేయనివ్వండి. కానీ హాస్ ఒక్కదాన్నే నమ్ముకుని ప్లాన్ వేయొద్దు.

సీఎస్‌యూ వైపు ఏడీటీ (అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్) అని కమ్యూనిటీ కాలేజీలోనే పూర్తిచేసే డిగ్రీ ఉంది. 2010లో వచ్చిన చట్టంతో మొదలైంది. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో అది పూర్తిచేసి కనీస అర్హతలున్నవాళ్లకి సీఎస్‌యూలో ఎక్కడో ఒకచోట జూనియర్‌గా (మూడో ఏడాది విద్యార్థిగా) సీటు ఖాయం. ఎక్కడో ఒకచోట అన్న మాట గుర్తుంచుకోండి, సాన్‌హోజేలోనే అని హామీ లేదు. అక్కడ అన్ని మేజర్లకూ పోటీ ఉంది. అయినా ఏడీటీ ఉన్నవాళ్లకి అడ్మిషన్‌లో కాస్త మొగ్గు ఉంటుంది, నా అభిప్రాయంలో ఇది వదులుకోకూడనిది.

మీరు హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) సంగతి రాయలేదు గానీ మన ఇళ్లలో చాలామందికి ఇది వర్తిస్తుంది కాబట్టి చెప్తున్నాను. హెచ్‌4 మీద ఉన్న పిల్లలు కూడా ఇక్కడ ఏడాదికి పైగా ఉంటూ, కాలిఫోర్నియాలోనే ఉండే ఉద్దేశం కాగితాలతో చూపించగలిగితే రెసిడెంట్ ఫీజుకి (రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు) అర్హులే. డి ఆంజాలో అది క్వార్టర్ యూనిట్‌కి 31 డాలర్లు. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం హెచ్‌4 వాళ్లకి రాదు. 21 నిండితే హెచ్‌4 చెల్లదు, ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తుంది, దాంతో ఫీజు లెక్కా మారవచ్చు. పుట్టినరోజు ట్రాన్స్‌ఫర్ ఏడాదిలో ఎక్కడ పడుతుందో ముందే చూసుకుని లాయర్‌తో మాట్లాడండి.

నాన్నగారి బెంగకి నా జవాబు: డిగ్రీ పట్టా మీద ఉండేది పూర్తిచేసిన యూనివర్సిటీ పేరే. నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్లు డి ఆంజా గురించి అడిగింది ఒకే ఒక ప్రశ్న, చదువుకుంటూ పని కూడా చేశావా అని. ట్రాన్స్‌ఫర్ పిల్లలకి అసలైన ఇబ్బంది వేరే ఉంది. యూనివర్సిటీలో అడుగుపెట్టేసరికే వాళ్లు జూనియర్లు. పెద్ద అకౌంటింగ్ సంస్థల ఇంటర్న్‌షిప్ రిక్రూటింగ్ ఆ ఫాల్‌లోనే మొదలైపోతుంది, ఒక్కోసారి అంతకంటే ముందే. మొదటి ఏడాది నుంచీ అక్కడున్న పిల్లలకి క్లబ్బులు, సీనియర్లు అప్పటికే పరిచయం. కాబట్టి సీటు ఒప్పుకున్న రోజే ఆ యూనివర్సిటీ కెరీర్ సెంటర్ తేదీలు చూడమనండి. అకౌంటింగ్ అయితే బీటా ఆల్ఫా సై (అకౌంటింగ్ విద్యార్థుల సంఘం) చాప్టర్ మొదటి మీటింగ్‌కి వెళ్లమనండి. రెజ్యుమే వేసవిలోనే తయారుగా ఉండాలి.

వాడికి అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్‌లో ఏది ఇష్టమో, హైస్కూల్‌లో ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్యాలిక్యులస్ లేదా ఏపీ ఎకనామిక్స్ రాశాడో లేదో కింద రాయండి. దాన్నిబట్టి మొదటి మూడు క్వార్టర్లలో ఏ కోర్సు ఎక్కడ పెట్టాలో చెప్తాను. తర్వాత ఆ కాగితం తీసుకుని డి ఆంజా ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని కలవండి. ఫాల్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపే కలిస్తే మంచిది, అకౌంటింగ్ 1ఏ సెక్షన్లు తొందరగా నిండిపోతాయి.