మీ ప్రశ్న – మా జవాబు: పిట్ దొర వజ్రం

ప్రశ్న: తొలకరి పడితే మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లోకి వజ్రాల కోసం జనం దిగుతారు. మద్రాసు గవర్నరు పిట్ దొర కొన్న పెద్ద వజ్రమూ ఇక్కడిదేనని పెద్దలంటారు. నిజమేనా? అతనికంత సొమ్ము ఎక్కడిది?
– ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: ఆ రాయి మీ చేలది కాదు. పల్నాడు వైపు, కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనులది. ఆ గనులిప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. కర్నూలుకు పిట్‌తో లంకె వేరే చోట ఉంది. 1702లో మద్రాసును మూడు నెలలు దిగ్బంధం చేసి అతన్ని అల్లాడించిన మొగలుల సేనాని దావూద్ ఖాన్, పన్నీ తెగ పఠాను. మీ కర్నూలు నవాబులదీ ఆ పన్నీ తెగే.

థామస్ పిట్ 1653లో ఇంగ్లండులో పుట్టాడు. 1674లో ఒరిస్సా తీరంలోని బాలాసోర్‌లో ఓడ దిగి సొంత వ్యాపారం పెట్టాడు. అప్పట్లో అది నేరం. తూర్పు దేశాల వ్యాపారమంతా రాజు ఇచ్చిన పట్టా ప్రకారం ఈస్టిండియా కంపెనీది. అనుమతి లేకుండా సరుకు కొనే ఇలాంటివాళ్లను ఇంటర్‌లోపర్లు అనేవారు. అతనికి 1000 పౌండ్ల జరిమానా వేసి, తర్వాత 400కు తగ్గించారు. అయినా మానలేదు. చివరికి కంపెనీయే అతన్ని కొలువులోకి తీసుకుని, 1698లో మద్రాసు గవర్నరును చేసింది. 1709 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

సొమ్ము జీతంలోది కాదు, సొంత బేరాలది. దాన్ని ఇంగ్లండుకు చేర్చడమే చిక్కు. వజ్రమైతే గుప్పిట్లో పడుతుంది, ఓడలో చోటు అక్కర్లేదు. 1701 చివర్లో జామ్‌చంద్ అనే వర్తకుడు సుమారు 410 క్యారెట్ల ముడిరాయి తెచ్చి 2 లక్షల వరహాలు అడిగాడు. పిట్ 30 వేలన్నాడు. బేరం వారాల తరబడి సాగి 48 వేల దగ్గర తెగింది. వరహా ఎనిమిదిన్నర షిల్లింగుల లెక్కన 20,400 పౌండ్లు!

1702లో కొడుకు రాబర్ట్ చేతికిచ్చి లండను పంపాడు. సానపట్టడానికి రెండేళ్లు పట్టింది. వజ్రాన్ని కోసేది వజ్రపు పొడే, అందుకే అంత ఆలస్యం. లోపాలున్న భాగాలు తీసేశాక మిగిలింది సుమారు 141 క్యారెట్లు, అంటే మూడోవంతు. ముడిరాయి బరువు చూసి ఆశపడే మన చేలవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఆపైన, అంత ధర పెట్టగలవాళ్లు రాజులే. 1717లో గానీ ఫ్రాన్సు రీజెంటు (రాజు తరఫున పాలించేవాడు) కొనలేదు, 1,35,000 పౌండ్లకు. ఇప్పుడది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

బానిస తొడ చీల్చుకుని రాయిని దాచాడనే కథకు ఆధారం లేదు. దొంగసొత్తన్న మాట పుట్టినందుకే 1710లో పిట్ బేరం వివరాలన్నీ రాతపూర్వకంగా ప్రకటించాడు.

ప్రశ్న: వ్యాపారి అయిన పిట్ ఇంగ్లండు పార్లమెంటుకు ఎలా వెళ్లాడు?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముఖ్యంగా భూమి కొని. ఇంగ్లండులోని ఓల్డ్ సేరం అనేది మనుషులు కాపురం లేని పాత కోట గుట్ట. ఓటు హక్కు అక్కడి స్థలాలకుండేది. స్థలాలు ఎవరివైతే అక్కడి రెండు పార్లమెంటు సీట్లూ వాళ్లవే. 1689లోనే వేరే సీటు నుంచి సభ్యుడైన పిట్, 1691లో ఆ గుట్ట కొన్నాడు. 1735లో అతని మనవడు విలియం పిట్ తొలిసారి సభలో అడుగుపెట్టింది ఆ సీటుతోనే. ఆ మనవడూ, అతని కొడుకూ ఇద్దరూ ప్రధానులయ్యారు. 1832 సంస్కరణ చట్టంతో ఆ సీట్లు రద్దయ్యాయి.