జాగ్రఫీ ఎమ్మెస్సీ అంటే మ్యాపులు బట్టీ పట్టడమేనా? ఉద్యోగాలుంటాయా?

నెల్లూరులో డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నారని, ఇంట్లోవాళ్లు "జాగ్రఫీ చదివి ఏం చేస్తావు" అంటున్నారని రాశారు. మ్యాపులు బట్టీ పట్టే పని హైస్కూల్‌తోనే సరి. దేశాల రాజధానులు అడిగి మనకు జాగ్రఫీ వచ్చో రాదో తేల్చే చుట్టాలు మాత్రం పీహెచ్‌డీ అయ్యాక కూడా వదలరు.

మన వైపు వాళ్లకు దగ్గరిది తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ, కాస్త దూరమైనా పరవాలేదంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. డిగ్రీలో జాగ్రఫీ ఉండి తీరాలంటారా, వేరే సబ్జెక్టు వాళ్లనూ తీసుకుంటారా అన్నది ముందు నోటిఫికేషన్‌లో చూసుకోండి. లోపలికి వెళ్లాక భూస్వరూపాలు, శీతోష్ణస్థితి, కార్టోగ్రఫీ (మ్యాపులు తయారుచేయడం), స్టాటిస్టిక్స్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, లెక్కలు కలిపి చూడటం) వరసగా వస్తాయి. నన్నడిగితే అసలు చదువు చివర్లో చేసే ప్రాజెక్టే. అక్కడ తేలిపోతుంది ఎవరు చదివారో, ఎవరు బటన్లు నొక్కారో.

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో తేల్చాలనుకోండి. సెంటినెల్-2 అనే ఉపగ్రహం తీసిన చిత్రం ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి, చిత్రంలోని పొరల్లో (బ్యాండుల్లో) ఆకుపచ్చ బ్యాండు బి3, పరారుణ బ్యాండు బి8 తీసుకుని నీటి సూచిక లెక్క కడితే నీళ్లున్న చోటల్లా వెలిగిపోతుంది. చాలామంది ఇక్కడే సంబరపడి ఆపేస్తారు. వెలిగినవన్నీ రొయ్యల గుంటలు కావు. ఉప్పు మడిలోనూ నీళ్లుంటాయి. నాట్లకు దమ్ము చేసిన వరి మడిలోనూ ఉంటాయి. పైగా నిజమైన గుంట కొన్ని నెలలు కనబడనే కనబడదు. పంట మూడు, నాలుగు నెలల్లో అయిపోతుంది, నీళ్లు తోడేస్తారు, అడుగు బీటలు వారేదాకా ఎండబెట్టి సున్నం చల్లుతారు. ఆ తెల్లటి నేలను సాఫ్ట్‌వేర్ ఇసుక అనో బీడు అనో రాసేస్తుంది. ఒక్క తేదీ చిత్రం మీద ప్రాజెక్టు కడితే అంతే సంగతులు. ఏడాదిలో కనీసం నాలుగైదు తేదీలు తీసుకోవాలి.

తీసుకుందామంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు మబ్బులు. ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే కురుస్తుంది. ఆ నెలలకు మబ్బుల్లోంచి చూడగలిగే సెంటినెల్-1 రాడార్ చిత్రాలే గతి. ఎడగారు (మన వైపు రెండో కారు వరి) నాట్లు ఎప్పుడు పడతాయో తెలియకపోతే వరి మడినీ గుంటనీ విడదీయలేరు. ఇది ఏ వీడియో పాఠంలోనూ ఉండదు, ఊళ్లో అడగాలి.

కొలతల సంగతి. సెంటినెల్ పిక్సెల్ 10 మీటర్లు, అంటే ఎకరం గుంటకు సుమారు 40 పిక్సెల్స్. ల్యాండ్‌శాట్ అనే ఇంకో ఉపగ్రహానిది 30 మీటర్లు, అదే గుంటకు నాలుగున్నర. గట్టు, నీళ్లు ఒకే పిక్సెల్‌లో కలిసిపోతాయి. విస్తీర్ణం లెక్కించే ముందు ప్రొజెక్షన్‌ను (గుండ్రటి భూమిని చదును మ్యాపు మీదకు దింపే పద్ధతిని) మీటర్లలో కొలిచే యూటీఎం జోన్ 44కి మార్చండి, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ 32644. డిగ్రీల్లోనే వదిలేస్తే వైశాల్యం చదరపు డిగ్రీల్లో వచ్చి వైవాలో పరువు పోతుంది.

తర్వాత ఫీల్డు, అంటే చిత్రంలో తేలింది నిజమో కాదో అక్కడికెళ్లి చూసుకోవడం. గుంట, వరి మడి, ఉప్పు మడి ఇలా ఒక్కో రకానికి కనీసం 50 పాయింట్లు (చోట్లు) అన్నది పాత లెక్క, దాన్నే పట్టుకోండి. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకంతో లెటర్ జేబులో ఉండాలి, ఎందుకంటే ఫోన్ పట్టుకుని గట్ల మీద తిరిగేవాడు ఆఫీసరో, గుంటలు పూడ్పించడానికి వచ్చినవాడో అనుకుంటారు. అడగకుండా గట్టెక్కొద్దు. మన కాళ్ల వెంట రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ వస్తుందని వాళ్ల భయం, అందులో తప్పు లేదు. కాళ్లు కడుక్కుని రమ్మంటే కడుక్కోండి. రైతును మూడే అడగండి: గుంట ఏ ఏడాది తవ్వారు, అంతకుముందు వరా, సరుగుడా, ఉప్పు మడా, నీళ్లు బోరువా కాలువవా. బకింగ్‌హామ్ కాలువ పక్కన ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీ థీసిస్‌లో ఒక చాప్టర్ అవుతుంది.

పాయింటు రాసుకునేటప్పుడు అందరూ చేసే తప్పొకటుంది. మైపాడు తీరం దగ్గర 14 డిగ్రీల 30 నిమిషాలు, 80 డిగ్రీల 11 నిమిషాలు అని చూసి, కంప్యూటర్‌లో 14.30, 80.11 అని కొడతారు. డిగ్రీకి 60 నిమిషాలు, కాబట్టి 30 నిమిషాలంటే 0.50. దాంతో పాయింటు 22 కిలోమీటర్లు దక్షిణానికి జారి ముత్తుకూరు వైపు పడుతుంది. ఫోన్‌లో ముందే దశాంశ డిగ్రీలు పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

జనాభా లెక్కలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు. 2011 సెన్సస్ పాత జిల్లాల మీద ఉంది. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, సూళ్లూరుపేట తిరుపతికి పోయింది. జిల్లా పట్టికను పట్టుకుంటే తప్పు లెక్కే, మండలాలవారీగా కూడుకోవాలి. ఇది చూసుకోకుండా పాత థీసిస్‌లోంచి "స్టడీ ఏరియా" చాప్టర్‌ను మక్కీకి మక్కీ దింపేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఉద్యోగాలంటారా? కాలేజీలో బోధనకు నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి, జాగ్రఫీ కోడ్ 80. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మైనస్ మార్కులు లేవు. అందులోనే జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000. లెక్చరర్ పోస్టులు అరుదు, వాటినే నమ్ముకోవద్దు. బీఎడ్ చేస్తే సోషల్ టీచర్ దారి ఉంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా 500 మార్కులు. హైదరాబాద్ జీఐఎస్ కంపెనీల్లో మొదట పెట్టేది డిజిటైజింగ్‌కు, అంటే రోజంతా చిత్రం మీద గీతలు గీయడమే. అందులోంచి బయటపడాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోక తప్పదు.

అడ్మిషన్లకు ఇంకా టైముంది కదా, ఈలోపు క్యూజీఐఎస్ ఎక్కించుకుని మీ ఊరి చెరువు చుట్టూ గీత గీసి ఎన్ని ఎకరాలొచ్చిందో చూడండి. చిత్రం ఏ నెలదో పక్కన రాసిపెట్టుకోండి, మే చెరువు వేరు, డిసెంబర్ చెరువు వేరు.