గది నంబరు కలపగానే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఆగిపోతోంటే

ఒకే గదికి ఒకే సమయంలో రెండు బుకింగ్‌లు పడకుండా ఆపే నియమమే ఇక్కడ ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్. దానికి గది నంబరు కలపగానే "డిఫాల్ట్ ఆపరేటర్ క్లాస్ లేదు" అని ఎర్రర్ వస్తోందంటే, మీ గది నంబరు ఇంటీజర్ (పూర్ణాంకం) కావడమే కారణం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ కన్‌స్ట్రెయింట్ వాడే జిస్ట్ ఇండెక్స్‌కి ఇంటీజర్‌ని "=" తో పోల్చడం సొంతంగా రాదు. అందుకే ఆ "డిఫాల్ట్ ఆపరేటర్ క్లాస్ లేదు" ఎర్రర్.

1. చాలామంది మరిచిపోయేది ఇదే: ముందు ఆ పోలికను జిస్ట్‌కి నేర్పే బీట్రీ_జిస్ట్ (btree_gist) ఎక్స్‌టెన్షన్ వేయండి. బుకింగ్స్ టేబుల్ ఉన్న డేటాబేస్‌లోనే వేయాలి, అదే సర్వర్‌లో ఇంకో డేటాబేస్‌లో ఉన్నా లెక్కలోకి రాదు.

2. గదికి "=", సమయానికి "&&" (రెండు సమయాలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయా అని చూసేది) పెట్టి కన్‌స్ట్రెయింట్ మళ్లీ రాయండి.

3. సమయం రేంజ్ "[)" గా, అంటే మొదలు కలుపుకుని ముగింపు కలపకుండా ఉండాలి. రెండూ కలిసే "[]" అయితే 10–11, 11–12 బుకింగ్‌లు సరిగ్గా 11 దగ్గర ఢీకొంటాయి.

4. పేరు మీరే పెట్టండి, "బుకింగ్స్_గది_ఢీ_వద్దు" లాగా. ఎర్రర్‌లో కనిపించేది ఆ పేరే.

పాత వరుసల్లో ఢీకొనేవి ఉంటే ముందే సరిచేయాలి. పాత వరుసల్ని తనిఖీ చేయకుండా వదిలేసే నాట్ వ్యాలిడ్ (NOT VALID) ఆప్షన్ ఈ కన్‌స్ట్రెయింట్‌కి చెల్లదు.