పక్క తడిపే బాబు: ముందు నీళ్ల సీసా చూడండి

ప్రశ్న: డాక్టరుగారూ, మా బాబుకి 8 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ వారంలో నాలుగైదు రాత్రులు పక్క తడుపుతాడు. పగలు ఏ ఇబ్బందీ లేదు. మా వారు కూడా పదేళ్లదాకా తడిపేవారట. అత్తగారేమో వాత పెడితే మానేస్తాడంటున్నారు. సెలవులకి అమ్మమ్మ ఊరు రానని ఏడుస్తున్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వాత మాట ఆ ఇంట్లో ఇక వినపడనివ్వకండమ్మా. ఒళ్లు తెలియని నిద్రలో జరిగేదానికి శిక్ష ఏమిటి? రాత్రిపూట మూత్రం తక్కువ తయారయ్యేలా చూసే హార్మోను కొందరు పిల్లల్లో చాలదు, మూత్రాశయం నిండినా మెలకువ రాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 100కి 40 పైమాటే. మీ బాబుకి నాన్న పోలిక వచ్చింది, అంతే.

నా దగ్గరికొచ్చే తల్లుల్ని నేను మొదట అడిగేది పగటి సంగతే. బడి నుంచి వచ్చాక సీసాలో నీళ్లెన్ని మిగిలాయి? చాలామందికి నిండుగానే తిరిగొస్తుంది. బడిలో బాత్రూముకి వెళ్లడం ఇష్టంలేక తాగరు. ఇంటికొచ్చాక దాహంతో గటగటా తాగేస్తారు. ఈ వయసులో మూత్రాశయం పట్టేది సుమారు 270 మిల్లీలీటర్లు. మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? టీచరుతో మాట్లాడి, పగలే తాగించండి. సాయంత్రం తగ్గించండి, దాహమంటే మాత్రం కాదనొద్దు.

విరేచనం గట్టిగా అవుతోందేమో కూడా చూడండి. 'రోజూ వెళ్తాడండీ' అంటారు గానీ, పిల్లాడు సొంతంగా కడుక్కోవడం నేర్చాక చూసినవాళ్లు తక్కువ. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. మలబద్ధకం తగ్గితేనే పక్క తడపడం మానిన పిల్లలున్నారు.

అర్ధరాత్రి లేపి నిద్రమత్తులోనే నడిపించడం వల్ల దుప్పటి మిగులుతుంది గానీ వాడికి అలవాటు కాదు. ఇవన్నీ చేసినా తగ్గకపోతే, తడి తగలగానే మోగే అలారం ఉంది. రెండు మూడు నెలలు ఓపిక కావాలి. మొదట్లో ఆ మోతకి లేచేది మీరే, వాణ్ని లేపాల్సిందీ మీరే. ఊరెళ్లే రోజులకైతే రాత్రిపూట మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ మాత్ర పనికొస్తుంది, డాక్టరు రాస్తేనే. వేసుకునే గంట ముందు నుంచి 8 గంటల తర్వాతదాకా నీళ్లు తాగకూడదు, ఒంట్లో సోడియం పడిపోతే ప్రమాదం.

ఆరు నెలలు ఆగి మళ్లీ మొదలైనా, విపరీతమైన దాహం వేసినా, బరువు తగ్గినా ఆ రోజే షుగరు పరీక్ష చేయించాలి. మూత్రంలో మంట, గట్టి గురక ఉన్నా చూపించండి.

ఈ రాత్రి మీ వారిని బాబు పక్కన కూర్చుని తన చిన్నప్పటి సంగతి చెప్పమనండి. అత్తగారినీ పిలవండి, అప్పట్లో ఆ దుప్పట్లు ఉతికింది ఆవిడే కదా.