ముందు వెనక్కి తిప్పి చూడు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పాత పింగాణీ పళ్ళెం ఫోటోలు నేనూ మీ అత్తయ్యా నాలుగుసార్లు చూశాం. బాగుంది. కానీ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పువ్వులు దగ్గరగా ఒకటి, మూడూ ముఖం ఫోటోలే. వెనకవైపుది ఒక్కటీ లేదు. నాకు కావలసింది అదే.

నీకు జపాన్‌లో, క్యోటోలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది తోజి గుడి. ప్రతి నెలా 21న అక్కడ పాత వస్తువుల సంత. నేను షిప్పుల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో మా ఓడ కోబె రేవులో ఆగి, తేదీ కూడా కలిసొస్తే రైలెక్కి పరిగెత్తేవాణ్ణి. అన్నేళ్ళ సర్వీసులో కలిసొచ్చింది నాలుగుసార్లు. నీకు నెలనెలా ఉంది. 25న కితానో తెన్మాన్‌గూ గుడి దగ్గర ఇంకోటి. ఇంత తీరిక ఉన్నదానివి మొదటి నెలలోనే పర్సు ఖాళీ చేసుకోవడం ఎందుకు? రెండు మూడు సంతలు ఊరికే తిరుగు. 'సవాత్తెమో ఈ దెసు కా' అని అడిగి, సరేనంటేనే ముట్టుకో. ఎత్తేటప్పుడు అంచు పట్టుకోకు, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తు. బల్లమీద నుంచి ఎక్కువ ఎత్తుకి లేపకు. ఉంగరాలు తీసేసి వెళ్ళు.

ఇక వెనకవైపు సంగతి. మన ఆవకాయ జాడీ అడుగున మెరుపు పూత లేకుండా గరుగ్గా ఒక చుట్టు ఉంటుంది చూడు, పింగాణీ పళ్ళేనికీ అలాంటిదే ఉంటుంది. దానిమీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పు. వందేళ్ళు బల్లల మీద, చెక్క అరల్లో జరిగి జరిగి ఉంటే నున్నబడి ఉంటుంది. అక్కడక్కడా బట్టీ ఇసుక రేణువులు అతుక్కుని తగులుతాయి. కొత్తదానికి పాత రంగు పులిమితే ఆ గోధుమరంగు చుట్టంతా ఒకేలా ఉంటుంది. నిజమైన వాడకం అంత పద్ధతిగా ఉండదు.

తర్వాత అడుగు మధ్యలో చూడు. కందిగింజలో సగం ఉండే మచ్చలు మూడో, నాలుగో, ఐదో కనిపిస్తే జపాన్‌లోని పింగాణీ ఊరు అరిత వైపు ఆలోచించు. బట్టీ వేడికి పళ్ళెం నడుం కుంగిపోకుండా కింద చిన్న మట్టి మేకులు నిలబెట్టేవారు. కాలాక వాటిని విరగ్గొడితే మిగిలేవి ఈ మచ్చలు. చైనాలో పింగాణీ ఊరైన జింగ్‌దెజెన్ సరుకులో ఇవి దాదాపుగా కనబడవు. ఈ చిన్న గుర్తు ఎందుకు ముఖ్యమంటే, ఆ రెండూళ్ళూ ఒకదాన్నొకటి కాపీ కొట్టుకున్నాయి. 1590ల యుద్ధాల్లో కొరియానుంచి తెచ్చిన కుమ్మరులు 1610ల నాటికి అరితలో పింగాణీ మొదలుపెట్టారు. సరుకు ఇమారి రేవునుంచి ఓడలెక్కేది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. 1644లో మింగ్ వంశం కూలి చైనా బట్టీలు దెబ్బతినేసరికి డచ్చి కంపెనీవాళ్ళు జపాన్‌ వైపు తిరిగారు, 1659 నుంచి పెద్ద ఆర్డర్లు పెట్టారు. కాంగ్సీ చక్రవర్తి కాలంలో చైనా బట్టీలు మళ్ళీ లేచాక, జపాన్ ఇమారి బాగా అమ్ముడుపోతోందని చైనావాళ్ళు దాన్నే చెయ్యడం మొదలెట్టారు! అందుకే ముఖం చూసి ఊరు చెప్పబోతే బోల్తాపడతాం.

అడుగున రాసిన అక్షరాల్ని అసలే నమ్మకు. అరితవాళ్ళే తమ పళ్ళేల మీద మింగ్ చక్రవర్తుల పేర్లు వేశారు. కాంగ్సీ కాలపు చైనావాళ్ళు తమకంటే రెండొందల ఏళ్ళ ముందున్న మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు వేశారు. అందులో మోసమే కాదు, పాతవాళ్ళమీద గౌరవమూ ఉంది. మోసం మాత్రం నాకు హాంకాంగ్‌లో తగిలింది. ఒక దుకాణంలో నీలం తెలుపు కూజా, అడుగున చైనా చక్రవర్తి చియెన్‌లాంగ్ పేరుతో ఆరక్షరాలు. ఆ అక్షరాలు అప్పుడే నేర్చుకున్నాను, చదవగలిగానన్న సంబరంలో రెండు నెలల జీతం పోశాను. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్ళలో పెడితే అడుగు చుట్టూ ఉన్న 'పాతదనం' టీ డికాక్షన్‌లా దిగింది. దాంట్లో మీ అత్తయ్య ఇప్పటికీ బూజుకర్ర పెడుతుంది. చుట్టాలొచ్చినప్పుడు కావాలనే హాల్లోకి తెస్తుంది.

కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలితో తట్టి చూసేది గుర్తుందా? ఇక్కడా అంతే. గిన్నెని అరచేతిలో ఆనించి గోటితో మెల్లగా తట్టు. ఖంగుమంటే సరే. మొద్దుగా పలికితే ఎక్కడో సన్నని పగులుందని అనుమానించు, ఫోన్ టార్చి లోపలినుంచి వేసి చూడు. సన్న పగులుని అక్కడి వ్యాపారులు 'న్యూ' అంటారు, అంచు కాస్త రాలితే 'హోత్సు'. 'కిజు వా అరిమాసు కా', దెబ్బలేమైనా ఉన్నాయా అని నువ్వే అడుగు. అడిగితే చాలామంది దాచకుండా చూపిస్తారు. బంగారు గీతతో అతికినదాన్ని చూసి భయపడకు, కానీ ఆ అతుక్కి వేరే ధర కట్టకు. ఈమధ్య అందంకోసం అతికేవాళ్ళూ తయారయ్యారు.

ఏం కొనాలంటావా? మెయిజీ కాలపు (1868-1912) ఇన్‌బాన్ పళ్ళేలతో మొదలెట్టు. చేత్తో గీయకుండా అచ్చుతో నీలం రంగు వేసిన మామూలు ఇళ్ళ పళ్ళేలు. వెయ్యి, రెండువేల యెన్‌లకే దొరుకుతాయి, నకిలీ చెయ్యడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పెద్ద కలెక్టర్లు వీటిని చిన్నచూపు చూస్తారు. నాకైతే ఇవే ఇష్టం. అంచు వెంబడి చూపు నడిపించు, అచ్చు కాగితం మొదలూ చివరా కలిసేచోట సగం పువ్వు మీద ఇంకో సగం ఎక్కేసి ఉంటుంది. ఎవరో పనివాడు సాయంత్రం పూట తొందరలో అతికించిన కాగితం అది. పది పళ్ళేలు చూశాక నీ కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. చెయ్యి కుదిరాక అంతకుముందు ఎడో కాలపు సోబా చోకో దగ్గరికి వెళ్ళు, అంటే సోబా నూడుల్స్ ముంచుకునే చిన్న గిన్నెలు.

చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన బొమ్మలు, అంటే ఉకియో-ఎ, ఇప్పుడే వద్దు. హొకుసాయ్ గీసిన పేరున్న సముద్రపు అల బొమ్మ 1831 ప్రాంతంది, దాన్ని మళ్ళీ మళ్ళీ చెక్కి ఈనాటికీ అచ్చేస్తున్నారు. అంతగా మనసైతే భూతద్దం పట్టుకెళ్ళు. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ప్రెస్సులో కొట్టింది. చెక్క అచ్చయితే కాగితం వెనక రంగు దిగి, రుద్దిన గుండ్రటి జాడలు కనిపిస్తాయి. కొన్నా ఎండ తగిలే గోడకి పెట్టకు, ఆ పాత నీలాలూ ఊదాలూ వెలిసిపోతే తిరిగి రావు.

నడికట్టుకి సంచి వేలాడకట్టుకోడానికి చెక్కిన చిన్న బొమ్మని నెత్సుకె అంటారు, దంతంది ఎంత ముద్దొచ్చినా ముట్టుకోకు. మన దేశంలోకి తెస్తే వన్యప్రాణి చట్టం మెడకి చుట్టుకుంటుంది. బాక్స్‌వుడ్ చెక్కవి చూసుకో. ఇంకో మాట, వందేళ్ళు దాటిన వస్తువు ఒకసారి ఇక్కడికి వచ్చాక మళ్ళీ బయటికి పంపాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. అక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే మంచివి అక్కడే ఉంచు.

సంక్రాంతికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక పూట ఆగు. సాలార్‌జంగ్‌లో అందరూ గడియారం దగ్గర గుమిగూడతారు, నువ్వు తూర్పు బ్లాకుకి పో. అక్కడ చైనా, జపాన్ సరుకు తీరిగ్గా చూసుకోవచ్చు. లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేలు చూడు, విషం కలిసిన అన్నం పెడితే అవి పగులుతాయని నవాబులు నమ్మేవారట. ఆ మాట విని నువ్వు వాటిలో పులిహోర పెట్టే రకానివి, అందుకే చెబుతున్నా. మెరుపు పూత పైన రంగులద్దిన పాత గిన్నెల్లో పుల్లటివి పెట్టకు, ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు. కడిగేటప్పుడు సింకులో తువ్వాలు పరుచుకో, స్క్రబ్బరు తగలనివ్వకు. మీ అమ్మ వస్తే చింతపండుతో తోమకుండా కాపలా కాయి.

వచ్చే 21న వానపడితే మానెయ్యకు. వాన రోజు జనం తక్కువ, మధ్యాహ్నం దాటితే దుకాణాలవాళ్ళు త్వరగా సర్దుకునే హడావుడిలో ఉంటారు, ధర తగ్గుతుంది. ఆ పళ్ళెం వెనక ఫోటో మాత్రం ఈ రాత్రికే పంపు, పగటి వెలుతురులో తీసి.

మీ పెద్ద మామయ్య
విశాఖపట్నం