గోడలో సముద్రం పెడతానంటున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాన్రా. గోరంట్ల ఇంటి గోడలు బానే లేచాయి, హాల్లో సోఫాకి ఎదురుగా గోడలో ఐదడుగుల రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్ళలో పగడాలు, చేపలు పెంచే అద్దాల తొట్టి, పెడతానంటున్నావ్, పెట్టు, వద్దనను. రొయ్యల హ్యాచరీల్లో ఉప్పునీళ్ళతో బతికినోణ్ణి, రిటైరయ్యాక ఇంట్లో కూడా అదే పెట్టుకున్నానని మీ అత్తయ్య ఇప్పటికీ సణుగుతూనే ఉంటది. కానీ నువ్వు పంపినవన్నీ గోడ ముందువైపు ఫోటోలే, ఫ్రేమ్ ఏ రంగు వెయ్యాలి, స్పాట్ లైట్ ఎక్కడ పెట్టాలి అని. నాకు కావాల్సింది ఆ గోడ వెనకాల ఏముందో. ఇలా గోడలో పెట్టిన ట్యాంకులు ఏడాది తిరక్కుండానే మూలపడటం చాలా ఇళ్ళల్లో చూశా, చేపల వల్ల కాదు, వెనకనుంచి చెయ్యి పెట్టి పని చేసుకునే చోటు లేక.

అందుకని ముందు వెనక రూమ్ సంగతి తేల్చు. ట్యాంక్ వెనక మనిషి నిలబడి వంగడానికి కనీసం మూడడుగులు ఉండాలి, ట్యాంక్ పైన అడుగున్నరన్నా ఖాళీ ఉండాలి, లేకపోతే అద్దం తుడవాలన్నా రాయి జరపాలన్నా నరకం. నేలలో నీళ్ళు పోయే ఒక ట్రాప్, ఒక కుళాయి, ఒక చిన్న సింక్, బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను, ఇవి నాలుగూ ప్లాస్టరింగ్ కాకముందే పెట్టించు. ఆ రూమ్‌ని స్టోర్ రూమ్ చేసేద్దాం అని మా అక్క అంటది, ఒప్పుకోకు, ఉప్పు తుంపర పడి పచ్చళ్ళ జాడీల మూతలు కూడా తుప్పు పడతాయి. ఇంకోటి, ట్యాంక్ ఆ రూమ్ తలుపులోంచి లోపలికి వస్తుందా లేదా కొలుచుకో. గోడలో ఓపెనింగ్ అద్దం కంటే కాస్త చిన్నది పెట్టి వెనకనుంచి ట్యాంక్ జరిపితే అంచులు, సిలికాన్ జాయింట్లు కనపడవు, పైన నీళ్ళ గీత కూడా ఫ్రేమ్ చాటుకి పోతది.

ఇప్పుడు బరువు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే దాదాపు 566 లీటర్లు, ఉప్పునీళ్ళు లీటరుకి 1.025 కేజీ తూగుతాయి. 12 ఎంఎం అద్దం ఒక్కటే వంద కేజీల పైన, రాళ్ళు, ఇసుక, స్టాండు, కింద సంప్ (ఫిల్టర్, పంపు పెట్టే రెండో తొట్టి) కలుపుకుంటే టన్నుకి దగ్గర పడతది, అదీ పది చదరపు అడుగుల మీద, అంటే ఇంచుమించు ఒక చదరపు మీటరు. ఇళ్ళ స్లాబులు మామూలుగా చదరపు మీటరుకి 200 కేజీల లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) లెక్కన డిజైన్ చేస్తారు, అందుకే పైఫ్లోర్ ఆలోచన మానేసి గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టమంటున్నా. గ్రౌండ్ ఫ్లోరే కదా అని ధీమా పడకు, మీది నల్లరేగడి, వానకి ఉబ్బుతది ఎండకి కుంగుతది, పైగా గచ్చు కింద ఫిల్లింగ్ మట్టికి సరిగ్గా నీళ్ళు కొట్టి దిమ్మిస వేశారో లేదో మేస్త్రీకే తెలియాలి. స్టాండ్ కూర్చునే చోట మాత్రం ఇనుప జాలీ వేసి విడిగా కాంక్రీట్ బెడ్ పోయించమని మీ ఇంజనీర్‌కి చెప్పు, ఎంత మందమో ఆయన్నే లెక్క కట్టమను. దాని మీద ఇటుక దిమ్మెలు కట్టి గ్రానైట్ పలక పరిస్తే చాలు, చెదలు పట్టదు, తుప్పు పట్టదు. ఇనుప స్టాండే కావాలంటే ఎపాక్సీ పెయింట్ లేకుండా పెట్టకు.

గోడ మీద ట్యాంక్ బరువు అస్సలు పడకూడదు, ట్యాంక్ బరువు స్టాండే మొయ్యాలి, గోడ ఉత్త ఫోటో ఫ్రేమ్. ఓపెనింగ్ పైన లింటెల్ రెండు పక్కలా కనీసం 6 అంగుళాలు గోడలో కూర్చోవాలి, పిల్లర్ జోలికి పోవద్దు. అద్దానికి గోడకి మధ్య చుట్టూ సందు ఉంచు, సిమెంట్ కూరకు, ఫోమ్ పట్టీ అంటించి పైన ఫ్రేమ్ మూసెయ్, ఫ్రేమ్ కూడా ఎప్పుడైనా ఊడదీసుకునేలా ఉండాలి. ముందు కనపడే అద్దం ఒక్కటే ఎక్స్‌ట్రా క్లియర్ తీసుకో, మిగతా మూడు పక్కలా మామూలు అద్దం వేస్తే ఎవడికి తెలుస్తది, డబ్బులు మిగులుతాయి.

వాస్తు ఆయన ఈశాన్యంలో పెట్టమన్నాడని రాశావు. అదే ఆయన ఈశాన్యంలో బరువు పెట్టొద్దని కూడా అంటాడు, టన్ను బరువుండే నీళ్ళకి ఏ రూలో ఆయన్నే అడుగు. నన్నడిగితే ఎండ నేరుగా పడని గోడ, వెనక రూమ్ ఉన్న గోడ, అంతే వాస్తు.

ప్లంబింగ్ దగ్గర పీనాసితనం చెయ్యకు. ట్యాంక్‌లోంచి సంప్‌కి దిగే పైపులు రెండు పెట్టించు, ఒకటి రోజూ పని చేసేది, రెండోది మొదటిదాంట్లో నత్తో నాచో అడ్డం పడ్డప్పుడు కాపాడేది. కరెంట్ పోగానే సంప్‌లోంచి నీళ్ళు పైకి తోసే రిటర్న్ పంపు ఆగిపోయి పైనున్న నీళ్ళు కొంత వెనక్కి సంప్‌లోకి దిగుతాయి, ఆ నీళ్ళు పట్టే ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి, రిటర్న్ పైపుకి నీళ్ళ మట్టానికి కాస్త కిందే చిన్న చిల్లు పెడితే గాలి లాక్కుని సైఫన్ తెగిపోద్ది, ఆ చిల్లు అప్పుడప్పుడూ తుడుస్తూ ఉండాలి. ఫ్రేమ్ బిగించకముందు మంచినీళ్ళతో నింపి వారం రోజులు ఆడించు, రోజుకి నాలుగైదు సార్లు మెయిన్ ఆపి చూడు, అప్పుడు పొర్లితే తుడుచుకుంటే పోతది. ప్లగ్గులన్నీ నీళ్ళ మట్టం కంటే పైన, వైరు కిందకి వేలాడి మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి పోవాలి, కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్, ఇవన్నీ ఉన్నాయని నాకు ఫోటో పంపితేగానీ నీళ్ళు పొయ్యనివ్వను.

ఇంక ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో 26 డిగ్రీల్లో ఉండాల్సిన జీవాల్ని పెంచుతానంటున్నావ్. పగడాల లోపల సన్నటి నాచు కణాలుంటాయి, ఆహారం చాలావరకు వాటినుంచే, నీళ్ళు 30 దాటి కొన్ని రోజులుంటే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లబడిపోద్ది. కాబట్టి చిల్లర్ తప్పదు. చిల్లర్ అంటే నీళ్ళలో వేడి తీసి గదిలోకి ఊదే మెషినే కదా, దాన్ని వెనక రూమ్‌లోనే మూసిపెడితే అది తనని తానే ఉడకేసుకుంటది, బయట నీడపట్టున యుటిలిటీలో పెట్టి పైపులు లోపలికి తీసుకురా. ఇన్వర్టర్ మీద చిల్లర్ పెట్టే పని పెట్టుకోకు, నీళ్ళు కదిపే వేవ్‌మేకర్ ఒకటి, చిన్న ఎయిర్ పంపు ఒకటి పెట్టు చాలు. కరెంట్ పోయినప్పుడు ముందు చంపేది చీకటి కాదు, ఆక్సిజన్ తగ్గటం, వేడి నీళ్ళలో అది ఇంకా తొందరగా అయిపోద్ది, ఏరియేటర్ ఆగిన చెరువు తెల్లారేసరికి ఎలా ఉంటదో మన కైకలూరు వైపు ఎవర్నడిగినా చెప్తారు.

నీళ్ళ గురించి నువ్వడిగినదానికి జవాబు, వద్దు. సూర్యలంక బీచ్ నుంచి సముద్రం నీళ్ళు క్యాన్లలో తెస్తా అన్నావు, ఒడ్డు నీళ్ళలో బురద, వానాకాలం వస్తే నది నీళ్ళు కలిసి ఉప్పదనం పడిపోద్ది, హ్యాచరీలో మేం ఆ నీళ్ళని సాండ్ ఫిల్టర్ పట్టి, బ్లీచింగ్ వేసి, క్లోరిన్ పోయిందాకా ఆగి అప్పుడు వాడేవాళ్ళం. నీకు రీఫ్ సాల్ట్ డబ్బానే మేలు. అది కలిపే నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, సున్నా ఉండాలి, వంటింటి ఆర్‌ఓ పనికిరాదు, రుచి కోసం అందులో కాస్త మామూలు నీళ్ళు కలిసేలా పెడతారు, ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెజిన్ ఉన్న యూనిట్ తీసుకో. లీటరుకి సుమారు 36, 37 గ్రాముల ఉప్పు పడతది, సెలైనిటీ, అంటే ఉప్పదనం, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) ఉండాలి. మన వెనామీ రొయ్య 5 పీపీటీలోనూ బతుకుద్ది 30లోనూ బతుకుద్ది, పగడానికి ఆ ఓపిక లేదు. రోజూ ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు, అందుకని తగ్గిన మేరకి ఉప్పు కలపని ఆ డీఐ యూనిట్ నీళ్ళే పొయ్యాలి, ఎండాకాలం రోజుకి ఐదారు లీటర్లు పోతాయి, ఆటో టాప్ ఆఫ్ పెట్టుకుంటే నువ్వు ఊరెళ్ళినా అక్కకి పని తప్పుద్ది.

గృహప్రవేశం రోజుకి చేపలు తిరగాలన్న కోరిక మాత్రం మానుకో. నీళ్ళు, రాళ్ళు పెట్టాక, చేపల వ్యర్థాల్లో పుట్టే అమ్మోనియా విషాన్ని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడతది, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిందాకా ఏదీ వెయ్యకు. పెయింట్ పని కూడా అప్పటికి అయిపోవాలి, నీళ్ళలో మురికిని నురగగా తీసే స్కిమ్మర్ గదిలో గాలినే నీళ్ళలోకి పీలుస్తది, పెయింట్ వాసనైనా దోమల స్ప్రే అయినా నేరుగా లోపలికే. ఆ రూమ్‌లో దోమల మందు కొట్టొద్దని పనమ్మాయికి గట్టిగా చెప్పు, ముందు పోయేది రొయ్యలే, నాకు ఓర్చుకోలేని సంగతది.

పగడాల విషయంలో ఒక్కమాట గట్టిగా చెప్తున్నా. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, మన సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ (జీవాలు అంటుకున్న పగడపు రాయి) అని ఎవడన్నా అమ్మినా కొనకు. ఇంపోర్ట్ సరుకు అంటారు, అవి కూడా సైటిస్ (అడవి జీవాల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అపెండిక్స్‌లో ఉన్నవే, వాటి జోలికీ పోకు. జీవాలు లేని ఎండు రాయి, అదే డ్రై రాక్, పెట్టు, మష్రూమ్ పగడాలు, జొవాంథిడ్‌లు, లెదర్ పగడాలు వెయ్యి, అవి మెత్తటివి, రాతి పగడాల్లోకి రావు, మొదటిసారి పెట్టేవాడి చేతిలో బతికేవి కూడా అవే, అయినా బిల్లు లేకుండా ఏదీ తీసుకోకు. జొవాంథిడ్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటది, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, ఆ రాళ్ళని ఉడకబెట్టడం అసలే వద్దు, ఆవిరి పీలిస్తే ఆసుపత్రే. చేపల్లో క్లౌన్ ఫిష్ జతతో మొదలుపెట్టు, హ్యాచరీలో పెంచినవే అడుగు, తమిళనాడులోని మండపం ఊళ్ళో సీఎంఎఫ్ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు, మన దేశంలోనే దొరుకుతాయి. ఏ చేపైనా ముందు వేరే తొట్టిలో నెల రోజులు ఉంచి అప్పుడు వెయ్యి. పాప నీలం టాంగ్ చేప అడుగుతోందన్నావు, అది అడుగు పొడవు దాకా పెరుగుద్ది, ఐదడుగుల ట్యాంకులో పాపం దానికి ఇరుకు, పాపకి నేను చెప్తాలే.

అంతా అయ్యాక వారానికి పదోవంతు నీళ్ళు మార్చడం, అంటే 50, 60 లీటర్లు, రెండు కేజీల ఉప్పు, ఆదివారం పొద్దున గంట పని. టెస్ట్ కిట్‌లో ఆల్కలినిటీ (నీళ్ళ క్షారగుణం) 8, 9 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం దగ్గర ఉంటే ఈ మెత్తటి పగడాలకి ఖనిజాలు కొలిచి పోసే డోసింగ్ పంపులు అక్కర్లేదు, షాపువాడు అమ్మినా కొనకు.

బీమ్‌లు, పిల్లర్లు ఉన్న డ్రాయింగ్, వెనక రూమ్ కొలతలు వాట్సాప్ చెయ్యి. ఇటుక పని లింటెల్ లెవెల్‌కి రాకముందే ఫోన్ చేస్తే పటమట నుంచి బస్సెక్కి వస్తా, ఓపెనింగ్ ఎక్కడ వదలాలో మేస్త్రీకి నేనే గీసి చూపిస్తా.

మీ మావయ్య